చర్ల పోయి రండి: మిరపచేలూ నీటి పల్లాలూ



భద్రాచలం రాముణ్ణి చూడని రైతు మన ఖమ్మం ప్రాంతంలో వుండడు. వీలున్నవారు పర్ణశాల దాకా కూడా పోయి, గోదావరిలో ఒక మునక వేసి, మధ్యాహ్నానికల్లా బండి వెనక్కు తిప్పుతారు. యీసారి పోయినప్పుడు అలా తిప్పకండి. అదే ఒడ్డున ఇంకా పైకి సాగిపోతే, భద్రాచలానికి సుమారు 60 కిలోమీటర్ల దూరాన, ఒక పక్క గోదావరి, ఒక పక్క ఛత్తీస్‌గఢ్ అడవి, నడుమ చర్ల అనే వూరు వున్నది. గుడీ గోపురమూ చూడడానికి కాదు నేను పొమ్మనేది, నేలా నీరూ చూడడానికి. నీటి పల్లమూ మిరపచేనూ ఇంతగా ఒరుసుకొని వున్న తావు మన వైపు అరుదు.

దారిలో దుమ్ముగూడెం దగ్గర ఒకసారి దిగండి. గోదావరి మీద పడవలు పైదాకా నడపాలని పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు ఇంజనీర్లు ఇక్కడ ఆనకట్ట కట్టి, పడవలు ఎక్కి దిగడానికి లాకులు పెట్టారు. 1871లో ఆ పనిని సర్కారు మానివేసింది. పడవల బేరం సాగలేదుగాని కట్ట మాత్రం నిలిచింది. గోదావరి ఎంత వెడల్పు నదో, దానిని అడ్డగించడమంటే ఎంత పనో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఆ తరువాత చర్లలో చూడబోయేది తేలికగా బోధపడుతుంది.

ఏ కాలంలో పోవాలంటారా? ఆషాఢ శ్రావణాలలో వద్దు. వాగులు దారి కట్టేస్తవి, వూరివారు వరద పనులలో వుంటారు, చుట్టంగా పోయి వారికి బరువు కావద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. అప్పటికి పల్లాలలో నీరు ఇంకా వుంటుంది, మిరప పండి కళ్ళాలలోకి వస్తూ వుంటుంది. ఎండబోసిన కాయ ఎర్రగా పరిచివుంటే, ఆ ఘాటుకు కొత్తవారు తుమ్ముతూనే తిరగవలసి వస్తుంది. తలగుడ్డ ఒకటి వెంట వుంచుకోండి.

చర్ల ఒకప్పుడు మద్రాసు పాలనలోని గోదావరి ఏజెన్సీలోది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో వున్నది. చుట్టూ పల్లెలలో కోయవారు ఎక్కువ. విత్తనం వేయకముందు విత్తనాల పండుగ చేసిగాని వారు నాగలి పట్టరు. ఇది షెడ్యూలు ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడానికి వీలులేదని 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ చెబుతున్నది. నల్లరేగడి చూసి నోరూరి ఎకరం ఎంత అని బేరం పెట్టే అలవాటు మనలో కొందరికి వున్నది గనుక యీ మాట ముందే చెప్పివుంచుతున్నాను.

ఇక నీటి సంగతి. యీ వూరికి ప్రాణమూ, భయమూ రెండూ తాలిపేరు వాగే. అది ఛత్తీస్‌గఢ్ కొండలలో పుట్టి అడవి గుండా వచ్చి గోదావరిలో కలుస్తుంది. చర్ల మండలంలో పెదమిడిసిలేరు దగ్గర దానికి ప్రాజెక్టు కట్టారు. గేట్లు 25. పూర్తి నీటిమట్టం 74 మీటర్లు. ఆయకట్టు 24,700 ఎకరాలు. ఇంత వాగుకు ఇన్ని గేట్లెందుకని కొత్తవారు అడుగుతారు. కారణం అడవి కొండలలో వుంది. ఎక్కడో పైన రాత్రి పడిన వాన తెల్లవారేసరికి ఇక్కడికి దూకుతుంది. చర్లలో చినుకు లేకుండానే తాలిపేరు నిండిన రోజులుంటవి. అందుచేత గేట్లు త్వరత్వరగా ఎత్తవలసి వస్తుంది.

ఇంతవరకు ఒక వాగు కథ. అసలు చిక్కు ఆ వాగు గోదావరిని కలిసే చోట వస్తుంది. గోదావరి తగ్గి వున్నప్పుడు వాగు నీరు సులువుగా దిగిపోతుంది. గోదావరి నిండి వున్నప్పుడు పెద్ద నది చిన్న వాగును ఎగదన్నుతుంది. వాగు నీరు పోవడానికి చోటు లేక వెనక్కు తిరిగి, పల్లపు పొలాల మీద నిలుస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారని మీకందరికీ తెలుసు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అంటే మూడవ హెచ్చరిక మీద ఇంకా 18 అడుగులు పైన. అటువంటి ఏడు యీ ఒడ్డున వున్న ప్రతి వాగూ ఎగదన్నుతుంది. రేడియోలో భద్రాచలం మట్టం చెప్పినప్పుడు అది గుడి మెట్ల సంగతి అనుకోకండి. మీ వూరి వాగు రేపు ఏమి చేస్తుందో ఆ అంకె చెబుతున్నది.

ఆ నీరు నిలిచే చోట్లే నేను మిమ్మల్ని చూడమంటున్నది. చదువుకున్నవారు వీటిని చిత్తడి నేలలంటారు. మనం మడుగంటాం, కుంటంటాం, జౌకు అంటాం, చెరువు లోపలి నేలను శిఖం అంటాం. ప్రాజెక్టు వెనుక నీరు తీసినకొద్దీ బయటపడే అంచు, వాగు పాత దారులలో మిగిలిన మడుగులు, పల్లె చెరువుల తోకలు, గోదావరి పొంగి దిగినాక తేమ పట్టివుండే ఒండ్రు పల్లాలు, ఇవన్నీ యీ లెక్కలోవే. తుంగా, జమ్మూ మొలిచి, బురద కాలు పట్టుకునే ఆ నేలను చూసి, అయ్యో, పది ఎకరాలు వృథాగా పోయినవే, కాస్త మట్టి తోలి చదును చేస్తే పంట కాదా అని మీకు అనిపించవచ్చును. చాలామందికి అలాగే అనిపించింది. అందువల్లనే మన జిల్లాలలో ఎన్నో కుంటలు పేరుకు మాత్రం మిగిలినవి.

చర్లలో అర పూట గట్టు మీద నడిస్తే ఆ పది ఎకరాలూ ఏమి పని చేస్తున్నవో కంటికి కనబడుతుంది. వరద నీటికి అది గాదె. అక్కడ నిలిచిన నీరు మీ చేలో నిలవదు. వాగు మోసుకొచ్చిన ఒండ్రు అక్కడ దిగుతుంది. వేసవిలో చుట్టుపక్కల బావులలో నీటి మట్టం నిలవడానికి ఆ తేమ తోడ్పడుతుంది. పశువులకు ఎండాకాలం పచ్చిగడ్డి దొరికేది అక్కడే. కొర్రమీను పిల్లలను పెంచేది అటువంటి పల్చని నీటిలోనే. ఆ చేప తల ఎత్తి గాలి పీలుస్తుంది కనుక వేరే చేప చచ్చే బురద నీటిలో కూడా బతుకుతుంది. కలుపు మొక్కల నడుమ గూడు చేసి, పిల్లల గుంపును తల్లీ తండ్రీ కాపు కాస్తవి. ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లలు కనబడితే వల వేయవద్దని మీ పిల్లలకు చెప్పండి. ఆ ఒక్క జత చేపను పట్టుకుంటే కూరకు వస్తుంది, గుంపు అంతా ఇతర చేపల పాలవుతుంది.

తొలకరి మాట కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి వానలకు కుంట పొంగి పొలం మీదికి నీరు ఎక్కినప్పుడు చేపలు ఎదురెక్కుతవి. అవి గుడ్లు పెట్టడానికి పోతున్న తల్లిచేపలు. కాలువకు అడ్డంగా మావు పెట్టి, బుట్టల కొద్దీ పట్టి, సంబరపడడం మన పల్లెలన్నిటా వున్నదే. ఆ రెండు వారాలు ఓపిక పట్టితే కార్తీకం నాటికి చెరువులో చేప వుంటుంది. తెలంగాణలో 2016 నుంచి సర్కారు చెరువులలో చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది. మంచిదే. కాని డబ్బు లేకుండా వాగు ఇచ్చే చేపవిత్తనాన్ని మనమే బుట్టకెత్తుకొని, తరువాత లారీలో వచ్చే పిల్లల కోసం ఎదురుచూడడం ఏమి లెక్కో నాకు తెలియదు.

ముక్కు రెండు దవడల నడుమ సందు వుండే పెద్ద కొంగను మీరు వరిచేలలో చూసివుంటారు. ఆ సందు నత్తను పట్టడానికి ఏర్పడినది. వరి నాట్లలో నత్తలు ఏమి చేస్తవో రైతుకు చెప్పనక్కరలేదు. కూలి అడగకుండా పనిచేసే మనిషిని ఎవరూ తరమరు. కొంగను మాత్రం రాయి పెట్టి కొడతాం.

ఇప్పుడు మిరప దగ్గరకు వద్దాం. చర్ల చుట్టూ సొమ్ము తెచ్చే పంట అదే, అప్పు తెచ్చేదీ అదే. కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ పల్లెలనుంచి కుటుంబాలకు కుటుంబాలు కూలికి దిగుతవి. మార్చిలో ఇప్పపువ్వు రాలడం మొదలైతే, ఆ వెనుక తునికాకు వస్తే, మనుషులు అడవి బాట పడతారు. చివరి కోతలు ఆలస్యం చేసుకున్న రైతు అప్పుడు చేతులు కట్టుకొని నిలబడతాడు. చేను పెట్టేముందే యీ లెక్క వేసుకోవలెను. వచ్చినవారికి నీడా, మంచినీరూ ఏర్పాటు చేసే రైతు దగ్గరకు మరుసటి ఏడు కూడా వారే వస్తారు.

మిరపకు తేమ కావాలి, నీరు నిలవకూడదు. నీరు నిలిస్తే వేరుకు గాలి ఆడదు. ఎండ కాయగానే చెట్టు తల వాలుస్తుంది, దానికి తోడు వేరుకుళ్ళు పట్టుతుంది. కనుక నారుమడి ఎప్పుడూ మెరకలో పోయండి, మడిని జానెడు ఎత్తు లేపండి. జూలై ఆగస్టులు గోదావరి పొంగే రోజులు, నారు పోసే రోజులూ అవే. వున్న విత్తనమంతా ఒకేసారి పోసి గోదావరి మీద పందెం కాయకండి, కొంత చేత వుంచుకోండి. చేలో బోదెలు వేసి నాటండి, బోదెల చివర మురుగు కాలువ తప్పనిసరిగా తీయండి. వరద ముంచి తీసిన చేనుకు ముందు నీరు తీసివేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేటట్టు పోయండి. ఆకు తేరుకోవడానికి లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి చల్లవచ్చును. నీరు ఏటా ఎక్కే పల్లంలో మిరప పెట్టడమే పొరపాటు. అక్కడ వరి వుండాలి. మార్టేరు పరిశోధనా స్థానంవారి స్వర్ణ వరికి ముంపును ఓర్చే గుణం చేర్చి తయారు చేసిన స్వర్ణ సబ్-1 రకం 2009లో విడుదలైంది. అది రెండు వారాల వరకు ముంపులో మునిగివున్నా తేరుకోగలదు. అయితే స్వర్ణ వలెనే అది దీర్ఘకాలపు పంట, వెనుక పంట చూసుకొని వేయండి.

2021-22లో మిరపకు వచ్చిన ఆపద మీరు మరచిపోయివుండరు. పూత లోపల నల్ల తామరపురుగు చేరి, పూవును నాకివేసి, పిందె నిలవనీయలేదు. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దీనిని 2015లో బొప్పాయి మీద మొదట గుర్తించారు. మన మిరప మీద దండెత్తింది 2021లో. ఆ ఏడు రైతులు పడిన బాధ ఇంతా అంతా కాదు. దొరికిన మందల్లా కొన్నారు, కలిపారు, రెండు రోజులకొకసారి కొట్టారు. పురుగు పూవు లోపల వుంటుంది, కొంత కాలం మట్టిలో గడుపుతుంది. మందు పైపైన పడుతుంది. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటి మందులు ఎడతెరిపి లేకుండా కొడితే, తామరపురుగును తినే మేలుపురుగులు ముందు చస్తవి, పురుగు మళ్ళీ రెట్టింపుగా లేస్తుంది.

చచ్చేది మేలుపురుగులే కాదు. పైరిత్రాయిడ్లు చేపకు కడు విషం. చేనులో కొట్టిన మందు వానకు బోదెలో దిగి, బోదె కాలువలో దిగి, కాలువ మడుగులో దిగుతుంది. వీటన్నిటికన్న చెడ్డ పని, సాయంత్రం పంపును కాలువలో కడగడం. ఒక్క పంపు అడుగు మిగిలిన మందు ఒక చిన్న మడుగుకు చాలు. చర్లలో మిరపచేను అంచున నిలబడి పల్లం వైపు చూడండి. ఎన్ని అడుగుల దూరంలో నీరున్నదో లెక్కపెట్టండి. ఆ నీటిలోనే పశువు దాహం తీర్చుకుంటుంది, ఆ నీటి అంచున చెలిమ తోడుకునే ఇళ్ళూ వుంటవి. నేను మిమ్మల్ని చర్ల పొమ్మన్నది ముఖ్యంగా యీ దూరం కళ్ళారా చూడమనే.

మరి పురుగు వచ్చినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చోమంటావా అంటారేమో. అలా అనడం లేదు. చేను చుట్టూ జొన్న గాని మొక్కజొన్న గాని రెండు మూడు వరుసలు దట్టంగా వేయండి. నీలిరంగు జిగురు అట్టలు ఎకరానికి ముప్పై దాకా మొక్కల ఎత్తుకు కట్టండి. యూరియా చేయి జారనీయకండి. మెత్తని లేత ఆకు మీద పురుగుకు మక్కువ ఎక్కువ. పురుగు కొద్దిగా వున్నప్పుడే వేపనూనె కొట్టండి. ఆ పైన మందు కావలసివస్తే వ్యవసాయాధికారి చీటీ మీద ఒక్క మందు కొనండి. దుకాణంలో చెప్పిన మూడు మందులు ఒక బకెట్‌లో కలపకండి. పంపు కడిగిన నీళ్ళు మూడుసార్లు తొలిచి తిరిగి చేనులోనే చల్లండి. చేనుకూ వాగుకూ నడుమ నాలుగు గజాలు గడ్డి వదలండి, వీలుంటే వట్టివేరు నాటండి. ఆ నాలుగు గజాల మిరప పోయిందని బాధపడేవారికి ఒక మాట: ఒడ్డు కోసుకుపోతే పోయేది అంతకంటె ఎక్కువ.

శిఖం సంగతి కూడా కొంచెం చెప్పి ముగిస్తాను. నీరు తీసినకొద్దీ ఆ తేమ మీద పెసర, మినుము, బొబ్బర, దోస, పుచ్చ వేసుకోవడం పాతకాలం నుంచి వున్నది. నీళ్ళు కట్టే పని లేదు, ఎరువు ఖర్చు స్వల్పం. వానలు పడేలోపు పంట ఇంటికి వస్తుంది. దానితో తగువు లేదు. ఒకడు గట్టు వేయడంతో తగువు మొదలవుతుంది. వాని గట్టు చూసి పక్కవాడు వేస్తాడు. నాలుగేళ్ళకు చెరువు తటాకంగా కాక మడులుగా కనబడుతుంది. అటుపిమ్మట వరద వచ్చినప్పుడు నీరు ఆ మడులను వదలి, వూరిని వెతుక్కుంటుంది. ఇది వూహ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు ఇంతపెద్ద మంచినీటి సరస్సు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అటువంటి దానిని చేపల చెరువుల గట్లు కమ్ముకుంటే, 2006లో సర్కారు యంత్రాలు పెట్టి ఆ గట్లు కొట్టివేయవలసి వచ్చింది. సొమ్ము పెట్టి వేసిన గట్టు, మళ్ళీ సొమ్ము పెట్టి తీయడం. కుంటకు కూడా అదే న్యాయం.

పూడిక మట్టి తోలుకోవడం మాత్రం చేయదగ్గ పని. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చాలా వూళ్ళలో రైతులు తమ ఖర్చుతో మట్టి తోలుకున్నారు. అడవి వైపు ఎర్రచెలకలకు ఆ మట్టి తేమ పట్టే శక్తి ఇస్తుంది. అయితే నల్లని మెత్తటి పూడిక ఉన్నంతవరకే తీయండి. దాని కింద గట్టి బంకపొర తగిలిందంటే ఆపివేయవలెను. ఆ పొర పగిలితే చెరువు నీరు పట్టదు. గుర్రపుడెక్క పట్టిన కుంటలో దానిని పూత రాకముందే లాగి, పేడతో కలిపి గోతిలో వేస్తే ఎరువవుతుంది. లాగి గట్టు మీద వదలివేస్తే మొదటి వానకు మళ్ళీ నీటిలోకే దిగుతుంది.

విస్తరణ అధికారులకు ఒక విన్నపం. రైతులను బస్సులో ఎక్కించి ప్రాజెక్టు గేట్లు చూపించి, ఫొటో తీసుకొని తేవడం వద్దు. గేట్ల దగ్గర పది నిముషాలు చాలు. పల్లం గట్టు మీద రెండు గంటలు నడిపించండి. ప్రాజెక్టు దగ్గరకు పోయేముందు నీటిపారుదల శాఖవారి అనుమతి తీసుకోండి. తిరిగి వచ్చినాక మీ మీ గ్రామాలలో ఒక పని చేయండి. 2022 నాటి నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఇళ్ళ గోడల మీద, చెట్ల మొదళ్ళ మీద చూపించగల పెద్దలు ఇప్పుడు వున్నారు. 1986 నీరు చూసినవారు తగ్గిపోతున్నారు. వారిని వెంటబెట్టుకొని పొలాల్లో తిరిగి, ఆ గీత ఏ సర్వే నంబర్ల గుండా పోయిందో గ్రామపటం మీద ఎర్ర పెన్సిలుతో గీయండి. గీతకు కింద వరి, గీతకు పైన నారుమళ్ళు, మిరప. ఆ పటాన్ని రైతువేదిక గోడకు తగిలించండి. మే నెలలో రైతులు విత్తనం కొనడానికి బయలుదేరకముందే అది అక్కడ వుండాలి.